ఆకుపచ్చ గీత కాగితాలు

అంజమ్మ చిన్నమ్మ ఇక లేదన్న వార్త నాకు మొదట తెచ్చింది ఆమె కూతురు భాగ్య. ఉప్పల్‌లో మా ఇంటికి రోజూ పొద్దున పూలు వేసేది భాగ్యే. ఆ రోజు నేను దీపం వెలిగించి, పూలపొట్లం కోసం గేటు వైపు చూస్తున్నాను. భాగ్య పూలు లేకుండా వచ్చి బయటే నిలబడింది. "అక్కా, అమ్మ పోయింది. సోమారం నాడు. మేడిపల్లిల మా ఇంట్లనే" అంది. లోపలికి రమ్మన్నాను. "మైల ఉన్నది గదా, రాను" అంటూ సంచిలోంచి పాత చీరముక్కలో చుట్టిన పుస్తకం ఒకటి తీసి గేటు గోడ మీద పెట్టింది. "గిది నువ్వు రాసిందే. అమ్మ పెట్టెల ఉన్నది. ముందల ఒక పేజీ మడిచి ఉన్నది సూడు. దశదినానికి రా అక్కా, నిన్నొకటి అడగాలె." ఆమె గొంతులో ఏడుపు లేదు. అందుకే నాకు భయమేసింది. గుడ్డ విప్పకుండానే ఆ పుస్తకాన్ని దేవుడి గూటి పక్కన పెట్టాను. ఏ పేజీ మడిచి ఉంటుందో నాకు తెలుసు. దీపం కొండెక్కేదాకా అక్కడే కూర్చున్నాను కానీ, చేయి ముందుకు పోలేదు.

తెలుగు మీడియంలో చదివి, పెద్ద ఇంగ్లీషు మాట కనబడగానే బెదిరిపోయే పిల్లల కోసం రాసిన పుస్తకం అది. కష్టమైన మాటలను ఎలా మచ్చిక చేసుకోవాలో అందులో చెప్పాను. నాకెవరు చెప్పారో మాత్రం సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

నాచారంలో ఫ్యాక్టరీల వెనక, ఒకే వాకిలి చుట్టూ ఆరు గదులున్న కాంపౌండులో ఉండేవాళ్ళం. మా నాయన జనగామ దిక్కు నుంచి వచ్చి నూలు మిల్లులో చేరాడు. మా వాకిట్లో పొద్దు సైరన్‌తో మొదలై సైరన్‌తో ముగిసేది. గాలి ఒకవైపు నుంచి వస్తే రంగుల ఘాటు, మరోవైపు నుంచి వస్తే మందుల చేదు. అమ్మ పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నా, గాలి మళ్ళిందంటే అన్నంలో కూడా ఆ చేదే తగిలేది. నానమ్మ మాత్రం తెల్లవారి స్నానం చేసి, తడి కొంగుతోనే పిడక నిప్పు మీద సాంబ్రాణి వేసేది. ఆ పొగ ఉన్నంతసేపు ఫ్యాక్టరీలు మా ఇంటికి దూరం జరిగినట్టుండేది.

ఏడో ఏట నాకు కీళ్ళ జ్వరం వచ్చి గుండె మీద పడింది. పరుగులు వద్దు, గుంపుల్లోకి పంపొద్దు, చలిగాలి తగలనివ్వొద్దు అని పెద్ద దవాఖానా డాక్టరు చెప్పాడు. బడి అంతటితో ఆగింది, చదువు ఇంట్లోకి వచ్చింది. లెక్కలు నాయన చెప్పేవాడు. ఒత్తులు పలకడం, పద్యం ఎక్కడ విరవాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అన్నది నానమ్మ నేర్పింది. ఇంగ్లీషు చెప్పేవాళ్ళు మాత్రం ఆ ఆరు గదుల్లో ఎవరూ లేరు. పాతకాగితాల దుకాణంలో నాయన ఒక డిక్షనరీ పట్టుకొచ్చాడు. దానికి అట్టలు లేవు, చివర చాలా పేజీలు కూడా లేవు. పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా కట్టి రాయాలన్నది ఇంట్లో నిర్ణయం. ఇంగ్లీషులో పోతే అన్నీ పోయినట్టే. నా చేత ఇంకే పనీ కాదని అందరూ అనుకుంటున్న రోజులవి. అందుకని ఆ ఒక్క పరీక్షే నా బతుకుతెరువు అన్నట్టు నాయన ముఖంలో కనబడేది.

అంజమ్మ మా పక్కగది. అమ్మను అక్కా అనేది, అందుకని నాకు చిన్నమ్మ. భర్త పని వెతుక్కుంటూ బొంబాయి పోయి మళ్ళీ రాలేదు. చంటిపిల్ల భాగ్యను మా నానమ్మ దగ్గర వదిలి, మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగుకు పోయేది. సీసాను డబ్బాలో పెట్టి, దాని పక్కన సన్నటి మందు కాగితం మడిచి దూర్చాలి, అదీ ఆమె పని. తక్కిన ఆడవాళ్ళు హాజరు పుస్తకంలో వేలిముద్ర వేస్తే, తాను పేరు రాస్తానని గొప్పగా చెప్పుకునేది. "నేను రెండో తరగతి సదివిన బిడ్డా, ఉత్తగనే అనుకుంటున్నవా!" అని నవ్వేది.

ఒకరోజు సాయంత్రం ఖాళీ టిఫిన్ డబ్బాలోంచి సిరా అంటుకుపోయిన మందు కాగితమొకటి తీసి నా ముందు పెట్టింది. "దినాం గివ్వే మడిచి మడిచి ఏళ్ళు వాస్తున్నయ్. ఏం మడుస్తున్ననో నాకే ఎర్కలేదు. జర సదివి సెప్పు" అంది. చీమల్లాంటి అక్షరాలు. ఒక్క వాక్యం దాటడానికి నాకు గంట పట్టింది. 'అలీవియేట్' అంటే నొప్పిని తేలిక చేయడమని డిక్షనరీలో చూసి చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది. "గట్లనా! అయితే మంచి పనే చేస్తున్న" అంది.

అలా మొదలైంది. ముద్రణ చెడి, చించెయ్యడానికి పక్కన పడేసిన కాగితాలనే తెచ్చేది. అయినా అచ్చు కాగితం ఏదీ గేటు దాటకూడదన్నది అక్కడి కట్టుబాటు. దొరికితే పనిపోతుంది. అది ఆమెకు తెలుసు. కొన్నాళ్ళకు నాకూ తెలిసింది. తెలిసీ వద్దనలేదు. నాకు మాటల ఆకలి పట్టుకుంది.

నేర్చుకున్న తీరు మాత్రం నానమ్మది. మా వాకిట్లో నందివర్ధనం చెట్టుండేది. నానమ్మ అమ్మవారి నామం ఒక్కొక్కటీ పలికి ఒక్కో పువ్వు పళ్ళెంలో వేసేది. నేనూ అలాగే ఒక ఇంగ్లీషు మాట పలికి, దాని అర్థం తెలుగులో చెప్పి, ఒక పువ్వు వేసేదాన్ని. అర్థం తట్టకపోతే ఆ పువ్వు ఎడమచేతిలోనే ఉండాలి. మొదటిసారి చూసి నానమ్మ గయ్యిమంది. "దేవుని పూలు గా మందు మాటలకా? కండ్లు పోతయ్!" కాసేపు విన్నది. జ్వరం తగ్గించేది, దగ్గు ఆపేది, నిద్ర పట్టించేది అని నేను చెప్పుకుపోతుంటే ఆమె స్వరం మెత్తబడింది. "ఇది గూడ పదిమంది బాగు కోరుడే గదనే. కానియ్యి. కాకుంటే కాళ్ళు సాపి కూసోకు" అంది. అంజమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ, నా ఎడమచేతిలో ఎన్ని పూలు మిగిలాయో చూసేది. "ఇయ్యాల రెండు తప్పినయ్" అనేది, తానే తప్పినట్టు.

అన్నిటిలోకీ నాకు ముద్దొచ్చిన మాట 'కాంట్రాఇండికేటెడ్'. ఫలానా మనిషికి ఈ మందు ఇవ్వనే కూడదు అని చెప్పే మాట. ఇల్లంతా దానితో ఆడుకున్నాను. నాయన మిర్చిబజ్జీల పొట్లం తెస్తే, "నాయనా, నీ కడుపుకు ఇవి కాంట్రాఇండికేటెడ్" అని లాక్కునేదాన్ని. "ఇగ ఇంట్ల డాక్టరమ్మ తయారైంది, మన నోట్లె మన్నే!" అనేవాడు నాయన.

ఆ మాటే ఒక సాయంత్రం నా గొంతులో అడ్డం పడింది. అంజమ్మ మూడు కాగితాలు తెచ్చింది. భాగ్యకు రెండు రోజులుగా దగ్గు, తల్లి ఒళ్ళో సోలిపోయి ఉంది. మొదటి రెండూ నాకు అలవాటైన పిల్లల దగ్గు సిరప్‌వి, చూడకుండానే చెప్పగలను. మూడోదానికీ పైన అదే ఆకుపచ్చ గీత, అదే మడత. చదువుతూ పోతుంటే మాటలు వేరేగా వచ్చాయి. పెద్దవాళ్ళకు అని ఉంది. పెద్ద చెంచాలతో రెండేసి అని ఉంది. అడుగున, శిశువులకు కాంట్రాఇండికేటెడ్, ఊపిరి మందగించవచ్చు అని ఉంది. నా చేతిలో పువ్వు ఆగిపోయింది.

"చిన్నమ్మా, ఇయ్యాల మీరు ఏ మందు కట్టిన్రు?"

"పిల్లలదే. మూడు దినాల సంది గదే."

"గీ మూడు కాగితాలు ఒక్క బల్ల మీదియేనా?"

"నా బల్ల మీదియే. ఏమైందే?"

చెప్పాను. ఆమె కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. ఆ ఆడవాళ్ళెవరికీ ఇంగ్లీషు రాదు. పిల్లల మందుకు లేత పచ్చ గీత, పెద్దల మందుకు ముదురు పచ్చ గీత, అంతే గుర్తు. ఈసారి ప్రెస్ నుంచి వచ్చిన కట్టల్లో రెండూ ఒకే పచ్చగా ఉన్నాయట. "మాకు గీతనే అక్షరం బిడ్డా" అంది. ఎన్ని డబ్బాల్లో ఇలా పడిందో తెలియదు. కాగితాలే మారాయో, సీసాలు కూడా మారాయో అదీ తెలియదు. లారీ ఎప్పుడని అడిగాను. "రేపు పొద్దున పదింటికి" అంది.

అమ్మ భయంతో గొంతు తగ్గించింది. "చెల్లె, రోడ్డు మీద దొరికిందని చెప్పు. నీ కొలువుకేం గాదు." అంజమ్మ ఆ కాగితాన్ని దాని మడతల వెంటే తిరిగి మడిచింది. తర్వాత నెమ్మదిగా అంది: "రోడ్డు మీద దొరికిందంటే చెత్తల పడేస్తరక్కా. ఏ బల్లదో, ఏ దినం మాలో చెప్పాలె. చెప్తెనే లారీ ఆగుతది." చెప్పడమంటే తానే తెచ్చానని ఒప్పుకోవడం. ఆ గదిలో ఉన్న అందరికీ అది అర్థమైంది. నానమ్మ పూసలు తిప్పడం ఆపింది. అప్పుడే భాగ్య దగ్గింది, ఆ చిన్న ఒళ్ళంతా కదిలిపోయేలా. అంజమ్మ దాని వీపు నిమురుతూ, "గిసుంటి పొల్లగాండ్లే గదా తాగేది" అని, నా వైపు తిరిగి, "రేపు నువ్వు గూడ రావాలె. నాకు సదివి చెప్పొస్తదా?" అంది.

అన్నేళ్ళలో నేను అంత దూరం నడిచింది లేదు. మా సందు దాటి, కరెంటు ఆఫీసు మూల తిరిగేసరికే గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అమ్మవారి నామాలు లోపల చెప్పుకుందామంటే ఒక్కటీ గుర్తుకు రాలేదు. మందు కాగితం మాటలే వస్తున్నాయి. వాటినే జపంలా అనుకుంటూ నడిచాను. గేటు దగ్గర వాచ్‌మన్ నవ్వాడు. "ఏందంజమ్మా, సుట్టాలను తోల్కొస్తున్నవ్! నౌకరీ పెట్టిస్తవా?" అంజమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. లోపల లారీకి పెట్టెలెక్కిస్తున్న చప్పుడు.

మందుల నాణ్యత చూసే ఆఫీసరు, కోస్తా నుంచి వచ్చిన మేడమ్. కాగితం చేతికిచ్చి, "చదువు" అన్నారు. తడబడకుండా చదివాను. నేను ఆగగానే ఆమె కుర్చీలో ముందుకు వంగారు. "అర్థమయ్యే చదువుతున్నావా?" చెప్పాను. శిశువులు అన్న మాట దగ్గర ఆమె లేచి నిలబడ్డారు. "ఇది మీ ఇంటికెలా వచ్చింది?"

గోడ గడియారం తొమ్మిదిన్నర దాటింది. రోడ్డు మీద దొరికిందన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. చిన్నమ్మను కాపాడతానో, ఆమె చెప్పదలచుకున్నది చెడగొడతానో తెలియలేదు. దేవుడు ఆ క్షణంలో నా నోరు మూసి ఉంచాడు. అందుకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

"నేనే తీస్కపోయిన మేడమ్" అంది అంజమ్మ. "మూడో బల్ల, నిన్నటి మాలు. చాన దినాల సంది తీస్కపోతున్న, గీ పిల్ల సదువుకు. అది తర్వాత మాట్లాడుండ్రి. ముందుగాల లారీని ఆపుండ్రి."

"ఏం చెబుతున్నావో తెలుసా నీకు?"

"ఎర్కే మేడమ్."

లారీ ఆగింది. మమ్మల్ని గేటు దగ్గర కూర్చోమన్నారు. ఎక్కించిన పెట్టెలన్నీ దింపి విప్పుతుంటే చప్పుడు వినబడుతూనే ఉంది. ఎండ నెత్తికెక్కింది. అంజమ్మ కొంగు నా తల మీద కప్పి, పక్కనే కూర్చుంది. మధ్యాహ్నం దాటాక మేడమ్ తానే నడిచొచ్చారు. రెండు పెట్టెల్లో పెద్దల మందు కాగితాలు దొరికాయి, సీసాలు మాత్రం సరిగ్గానే ఉన్నాయి. ఆమె నా తల మీద చెయ్యి వేశారు. అంజమ్మ వైపు మాత్రం చూడలేకపోయారు. "కాగితాలు బయటికి పోయిన సంగతి పైవాళ్ళకు రాయక తప్పదు. నేనేమీ చెయ్యలేనమ్మా" అన్నారు. మర్నాడు హాజరు పుస్తకంలో, ఆమె రోజూ గుండ్రంగా రాసే పేరు మీద గీత పడింది.

లారీ ఆగిన ఆ రోజు తిరిగి వస్తుంటే నేను ఏడుస్తున్నాను. చిన్నమ్మ అడిగింది: "నిన్న గా మాటకు పువ్వు ఏసినవా?" లేదన్నాను. "ఇంటికి పోయినంక ఎయ్యి. అర్థం చెప్పినవ్ గదా, బాకీ పెట్టద్దు."

నేను వెయ్యలేదు. డిక్షనరీని బియ్యం డబ్బా వెనక్కి తోసేశాను. నా ఆకలి ఒక మనిషి అన్నం లాగేసుకుందని లోపల ఒకటే మంట. ఎవరు చెప్పినా వినలేదు. పరీక్ష దగ్గర పడుతోంది, నాయన ముఖం మళ్ళీ ముడుచుకుంటోంది. కొన్ని వారాలకు అంజమ్మ ఉప్పల్ చౌరస్తాలో పూలగంప పెట్టుకుంది. ఒకరోజు సాయంత్రం అమ్ముడుపోని నందివర్ధనాలు, చామంతులు నా ఒళ్ళో గుమ్మరించింది. "పూలు ఇగ నేను తెస్త. మాటలు నువ్వే దేవులాడుకో. నువ్వు గిట్ల మూతి ముడ్సుకొని కూసుంటే నా కొలువు ఉత్తగనే పోయినట్టు" అంది. ఆ రోజు బియ్యం డబ్బా జరిపాను. పరీక్షలో ఇంగ్లీషు గట్టెక్కింది. ఆ తర్వాతి డిగ్రీలన్నీ ఇంటి నుంచే.

ఇప్పుడు ఉప్పల్‌లో మెట్రో స్తంభాల కింద ఆమె గంప పెట్టిన చోటేదో గుర్తుపట్టలేను. మందుల ఫ్యాక్టరీ స్థలంలో అపార్టుమెంట్లు లేచాయి. నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఫోనే రోజుకు ముప్ఫై మాటలిస్తుంది. తప్పయితే ఎర్రగా, ఒప్పయితే పచ్చగా వెలుగుతుంది. నేను వాటిని తీసిపారేయను. నాకున్న పాటి డిక్షనరీ కూడా లేని పిల్లలకు అది పెద్ద వరమే. కాకపోతే ఒక్కో మాట తమ దాకా ఎవరి టిఫిన్ డబ్బాలో దాక్కుని వచ్చిందో వాళ్ళు తెలుసుకోవాల్సిన అవసరం లేదు. నాకు ఆ అవసరం ఉండింది. నేనే మరిచినట్టు నటించాను.

పుస్తకం అచ్చయినప్పుడు ముందు పేజీల్లో అందరికీ కృతజ్ఞతలు రాశాను. నాయనకు, నానమ్మకు, పేరు తెలియని ఆ మేడమ్‌కు, అచ్చువేసిన వాళ్ళకు. అంజమ్మ పేరు రాసి కొట్టేశాను. దొంగతనంగా తెచ్చిన కాగితాలని రాయాలి, ఆమెకు చిన్నతనమవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. చిన్నతనం అనిపించింది నాకే. సైనిక్‌పురిలో పెద్ద బడిలో పుస్తకావిష్కరణ సభ, పెద్దమనుషులు, వాళ్ళ ముందు నా ఇంగ్లీషు ఎక్కడిదో చెప్పుకోలేకపోయాను. పుస్తకం పట్టుకెళ్ళి ఇస్తే చిన్నమ్మ కళ్ళకద్దుకుని, "గిండ్ల నా పేరు గూడ ఉన్నదా బిడ్డా?" అని అడిగింది. ఉందన్నాను. "ఏడ?" అంది. ఒక వరుస మీద వేలు పెట్టాను. అది మా నాయన పేరు. ఆమె ఆ చోటును కాసేపు చూసి, చేత్తో తడిమి, "మంచిగున్నది" అంది.

దశదినానికి మేడిపల్లి వెళ్ళేముందు గుడ్డ విప్పాను. మడిచింది ఆ పేజీయే. నేను వేలు పెట్టిన చోట కుంకుమ బొట్టు, ఎండిపోయిన నందివర్ధనం రేకు ఒకటి. భోజనాలయ్యాక భాగ్య నన్ను పక్కకు పిలిచింది. అడగకముందే, "తప్పు చేశాను భాగ్యా, మీ అమ్మకు చదువు రాదు కదా అని..." అన్నాను.

భాగ్య నా మాట మధ్యలోనే ఆపింది. "రాకపోవుడేంది? అమ్మకు తన పేరు సదవొస్తది గదక్కా. రోజూ సంతకం పెట్టిన మనిషి. నువ్వు సూపెట్టిన నాడే ఎర్కయింది ఆమెకు. నేనే కోపానికొచ్చి నీతోని కొట్లాడుతనంటే ఊకోమన్నది. 'అది సిగ్గుపడ్డది బిడ్డా, సిగ్గు పోయిన్నాడు అదే రాస్తది' అన్నది. గా బొట్టు గందుకే పెట్టింది. నేను అడుగుదామనుకున్నది గదే. సిగ్గు పోయిందా అక్కా?"

హాజరు పుస్తకంలో గుండ్రటి సంతకం సంగతి చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో! ఆ ఒక్కటే మరిచాను. ఇంటికొచ్చి, స్నానం చేసి, దీపం పెట్టి, అప్పట్లో బాకీ పడ్డ 'కాంట్రాఇండికేటెడ్' అన్న మాటను గట్టిగా పలికి, అర్థం చెప్పి, ఒక పువ్వు వేశాను. తర్వాత ఈ కాగితం ముందు కూర్చున్నాను.

చదివేవాళ్ళను ఒకటే కోరుతున్నాను. మీ ఇంట్లో మందు డబ్బా విప్పినప్పుడు, మడతలు మడతలుగా ఒక సన్నటి కాగితం జారిపడుతుంది. దాన్ని పారేసేముందు ఒక్క క్షణం చేతిలో ఉంచుకోండి. తాను ఏం మడుస్తున్నదో తెలుసుకోవాలనుకున్న ఒక ఆడమనిషి నాచారంలో ఉండేదని, తెలిసిన రోజు ఆమె లారీని ఆపిందని గుర్తుచేసుకోండి. ఆమె పేరు అంజమ్మ.